ఏలినవారి మాట, రైతు పట్టా

(పఠనమందిర సభలో చేసిన ప్రసంగ పాఠము)



చీరాల పేరాల కథ నెరుగనివారు మీలో నుండరు. ఆ గ్రామములను గలిపి నాటి ప్రభుత్వమువారు ప్రజల యిష్టముతో నిమిత్తము లేకయే పురపాలక సంఘమును నెలకొల్పిరి. కోరని సంఘము వచ్చినది, కోరని పన్ను పలురెట్లు పెరిగినది. 1921వ సంవత్సరమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 13 వేలమందికి పైబడిన జనులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి సుమారు 11 నెలలు కాపురముండిరి. వారు పన్ను కట్టలేని దరిద్రులు మాత్రమే కారు. తమ్ము అడుగక తమ సొమ్ము వ్యయపరచు అధికారము ఎవరిచ్చిరని ప్రశ్నించినవారు.

ఆనాడు ఏలినవారు పరాయివారు. నేడు ఏలువారు మన యోటుతో గద్దె నెక్కినవారు. మనవారే కదా, వారు చేయు వ్యయమునకును తీసికొను భూమికిని లెక్క యడుగుట యెందులకని పలువురు మాతో ననుచున్నారు. అన్నదమ్ముల నడుమనైనను లెక్క లెక్కయే యని మా సమాధానము.

ఆస్తిహక్కు అనగానే మన విద్యావంతులు మొగము చిట్లింతురు. అది జమీందారుల మాట, మిల్లు యజమానుల మాట యని వారి భావము. ఈ భావమునకు కారణము లేకపోలేదు. 1948లో మద్రాసు ప్రభుత్వము ఎస్టేట్ల రద్దు శాసనమును జేసినది. 1949లో హైదరాబాదు సంస్థానమున జాగీర్లు రద్దయినవి. అందులకు కంట తడిపెట్టిన రైతు లేడు. మేమును ఆ శాసనములను తప్పుపట్టము. కాని జమీందారు కొరకు నూరిన కత్తి జమీందారీలు పోయిన పిమ్మట ఒరలోనికి పోలేదు. అది యెవరి మెడమీదికి వచ్చినదో చెప్పుటయే నేటి మా ప్రసంగ విషయము.

1950 నాటి రాజ్యాంగమున ఆస్తి ప్రాథమిక హక్కు. 1951లో మొదటి సవరణచే తొమ్మిదవ షెడ్యూలును సృష్టించి, అందు చేర్చిన 13 భూశాసనములను ప్రాథమిక హక్కులకు భంగకరములని న్యాయస్థానములు కొట్టివేయరాదనిరి. ఆ పట్టిక క్రమముగా 284వ సంఖ్య వరకు పెరిగినది. భూమితో నే సంబంధమును లేని శాసనములు గూడ అందు జొరబడినవి. 1955 నాటి నాల్గవ సవరణతో, ఇచ్చిన పరిహారము చాలునా చాలదా యని విచారించు అధికారము న్యాయస్థానమునకు తప్పినది. 1971 నాటి ఇరువదియైదవ సవరణతో ‘పరిహారము’ అను మాటయే పోయి ‘మొత్తము’ అను మాట వచ్చినది. పరిహారమనగా పోయినదానికి సరితూగునది, మొత్తమనగా వారిచ్చినది. ఒక్క మాట మార్పులో ఎంత భూమి యున్నదో చూచితిరా!

తుదకు 1978లో నలుబదినాలుగవ సవరణ వచ్చినది. అత్యయిక పరిస్థితి నాటి దౌర్జన్యములను తుడిచివేయుదుమని వచ్చిన ప్రభుత్వమే ఆస్తిని ప్రాథమిక హక్కుల నుండి తొలగించినది. మిగిలినది 300-ఏ అధికరణము. శాసనాధికారము లేక ఎవని ఆస్తియు హరింపరాదని దాని భావము. ఆ శాసనము చేయువారెవరు? భూమి కావలసినవారే.

న్యాయమునకు మరియొక వైపును జెప్పవలెను. పరిమితికి లోబడి సొంత సేద్యములో నున్న భూమిని తీసికొన్నచో విపణి ధరకు తక్కువ ఇయ్యరాదను నియమము 1964 నాటి సవరణతో వచ్చినది. ప్రతి ప్రైవేటు ఆస్తియు సమాజపు వనరు కానేరదని 2024 నవంబరు 5వ తేదీన సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో అధికసంఖ్యాకులు తీర్పు జెప్పిరి. సంతోషమే. కాని కోర్టు మెట్లెక్కగలిగినవానికే ఆ సంతోషము.

ఎక్కలేనివాని సంగతి హిమాచల ప్రదేశపు ఒక వృద్ధురాలి వ్యాజ్యము తెలుపును. 1967–68 ప్రాంతమున రహదారి కొరకు ఆమె భూమిని ప్రభుత్వము తీసికొన్నది. నోటీసు లేదు, పైకము లేదు. ఆమె చదువురాని వితంతువు. ఇరుగుపొరుగువారికి కోర్టువలన పరిహారము వచ్చినదని విని, నాలుగు దశాబ్దములు గడచిన పిమ్మట తానును అడిగినది. అందులకు ప్రభుత్వము చెప్పిన బదులు వినుడు. ఇన్నేండ్లుగా ఈ భూమి మా స్వాధీనములో నున్నది, కావున ప్రతికూల స్వాధీనముచే మాదే యైనది! ఆక్రమణదారుడు చెప్పవలసిన మాట ప్రభుత్వము నోట వచ్చినది. 2020 జనవరి 8న సుప్రీముకోర్టు ఈ వాదమును త్రోసిపుచ్చి పరిహార మిప్పించినది. అప్పటికామెకు ఎనుబది యేండ్లు. కంచె చేను మేసిన, చేనికి దిక్కెవ్వరు?

ఇక మన యింటి సంగతికి వత్తము.

2014లో రాష్ట్రము విడిపోయినది. కృష్ణ దక్షిణపు గట్టున అమరావతి రాజధాని యన్నారు. 29 గ్రామములలో 34 వేల ఎకరములకు పైగా భూమి సమీకరణ పద్ధతిని ప్రభుత్వమునకు దక్కినది. ఇచ్చిన రైతులు సుమారు 29 వేలమంది. పెక్కుమంది చిన్న కమతములవారు. ఈ పద్ధతిలో పరిహారపు సొమ్ము లేదు. ఎకరము మెట్ట యిచ్చినవానికి అభివృద్ధిచేసిన 1,000 గజముల ఇంటిస్థలము, 250 గజముల వ్యాపారస్థలము. జరీబు భూమి యైనచో వ్యాపారస్థలము 450 గజములు. కౌలు క్రింద ఏడాదికి ఎకరమునకు మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటేటా పదవవంతు పెంపుతో పదియేండ్లు. ఉండవల్లి, పెనుమాక వైపు నదీతీరపు తోటలవారిలో ననేకులు మేమియ్యమనిరి. అరటియు కూరగాయలును ఏడాది పొడుగున పండు నేల అది. తక్కినవారు నమ్మి యిచ్చిరి.

నమ్మి యిచ్చిరను మాటను మీరు బాగుగా గమనింపవలెను. అమ్మినవానికి సొమ్ము చేతికి వచ్చును. ఆ సొమ్ముతో వాడు వేరొకచోట భూమి కొనుక్కొనును. సమీకరణమున రైతు భూమి నిచ్చి మాట పుచ్చుకొన్నాడు. ఆ మాటకు పూచీ యెవరు? 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున ప్రధానమంత్రిగారు శంకుస్థాపన చేసిరి. 2019లో ప్రభుత్వము మారినది. ఆ యేడు డిసెంబరు 17న శాసనసభలోనే మూడు రాజధానుల మాట వినవచ్చినది. ఓడ యెక్కుదాక ఓడమల్లయ్య, ఓడ దిగిన పిమ్మట బోడిమల్లయ్య యన్నట్లు, భూమి నిచ్చునాడు త్యాగమూర్తులైనవారు, ఇచ్చిన పిమ్మట ఎదుటి పక్షపు మనుష్యులైరి. 2021 నవంబరులో వారు తుళ్లూరునుండి తిరుపతికి కాలినడకన బయలుదేరిరి. భూమి నిచ్చినందులకు దేవుని దర్శనమునకు నడచిన రైతులను మేము అంతకుముందు వినియుండలేదు.

2022 మార్చి 3న హైకోర్టు, స్థలములను మూడు నెలలలో అభివృద్ధిచేసి యియ్యవలెననియు, ఆరు నెలలలో రాజధానిని కట్టవలెననియు నాజ్ఞాపించినది. ఆ యేడు నవంబరులో సుప్రీముకోర్టు ఆ గడువులను నిలిపినది. 2024లో ప్రభుత్వము మరల మారినది. రైతుల పేర వ్రాసిన స్థలములెక్కడ నున్నవో చూడబోవ తుమ్మతోపులు మొలచియున్నవి. ఆ చెట్లు కొట్టించుటకే 36 కోట్ల రూపాయలకు పైగా కేటాయించిరి. ప్రపంచబ్యాంకు, ఆసియా అభివృద్ధిబ్యాంకు చెరి 80 కోట్ల డాలర్ల అప్పునకు సమ్మతించినవి. 2025 మే 2న ప్రధానమంత్రిగారే వచ్చి పనులను మరల ప్రారంభించిరి. మొదటి విడతవారికి మాట చెల్లకమునుపే రెండవ విడత సమీకరణపు ప్రస్తావన లేచినది. ఇందు ఒక పక్షమును మెచ్చి వేరొక పక్షమును దూషించుట మా యుద్దేశము గాదు. ఒక ప్రభుత్వము చెప్పిన మాటను తరువాతి ప్రభుత్వము ఊదివేయగలదనినచో ఆ మాట పట్టా కాదు.

ఇక కౌలుదారులు. భూమి తమది కాదు గనుక వారికి ఏ స్థలమును రాలేదు. కూలివారికి నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పరచిరి. పొలము పోయినచో పని పోవునను సంగతిని వ్రాతకోతలవారు ఎన్నడును జమాఖర్చులో వేయరు.

వ్యయపు సంగతియు ఇట్టిదే. ఉండవల్లి యొద్ద కోట్లు వెచ్చించి ప్రజావేదిక కట్టిరి. 2019 జూనులో క్రొత్త ముఖ్యమంత్రిగారు కలెక్టర్ల సమావేశమును అందే జరిపి, ఇది యక్రమ కట్టడమని అందే ప్రకటించిరి. మరునాడే కూల్చివేత మొదలైనది. ఆ ప్రభుత్వమే విశాఖపట్టణమున ఋషికొండమీద 400 కోట్లకు పైబడి వెచ్చించి భవనములు కట్టినది. వారు దిగిపోవుసరికి అందు కాపురమున్నవారు లేరు. కట్టినదియు మన పన్నే, కూల్చినదియు మన పన్నే.

తెలంగాణమువారు ఇది ఆంధ్రుల గొడవ యని నవ్వవలసిన పనిలేదు. కాళేశ్వరపు ఎత్తిపోతల కొరకు మల్లన్నసాగరు క్రింద ఊళ్లు మునిగినవి. 2019 జూనులో ప్రారంభమైన ఆ పథకమున మేడిగడ్డ బరాజు స్తంభములు 2023 అక్టోబరులో క్రుంగినవి. పెట్టిన రూపాయకు 52 పైసల ప్రయోజనమే వచ్చునని కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదికలో తేలినది. మునిగిన ఊరు మరల తేలదు గదా.

భూమికి పత్రమైనను నిలుచునా యందురా? 2023 అక్టోబరు 31 నుండి ఆంధ్రప్రదేశమున అమలుచేసిన భూహక్కుల శాసనములో అధికారి వ్రాసిన నమోదునకు రెండేండ్లలో అభ్యంతరము రానిచో అదే తుదిమాట. సివిలు కోర్టునకు ప్రవేశము లేదు. హక్కు తేటపడవలెనను ఉద్దేశము మంచిదే. కాని రెండేండ్లు దుబాయిలో కూలికి పోయిన రైతు వచ్చి చూచునప్పటికి వాని పొలము వేరొకని పేర నున్నచో? వకీళ్లు విధులు మాని పోరాడిరి. 2024లో ఆ శాసనము రద్దయినది. ఆ రోజులలోనే రైతు పాసుపుస్తకముమీద ముఖ్యమంత్రి బొమ్మ ముద్రించిరి. తాత సంపాదించిన పొలమునకు మనుమడు పుచ్చుకొను పుస్తకముమీద ఏలికవారి బొమ్మ యెందులకో మాకు నేటికిని బోధపడలేదు.

అట్లయిన కాలువలు వలదా, రోడ్లు వలదా యని మీరడుగుదురు. వలెను. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట లేనిచో గోదావరి డెల్టాలో ఇంత యన్నము లేదు. కాలువ త్రవ్వుటకు ఎవరో ఒకరి పొలము పోక తప్పదు. కావుననే 2013 నాటి భూసేకరణ శాసనమున ప్రైవేటు కంపెనీలకైనచో నూటికి 80 మంది సమ్మతి, సర్కారుతో కలసి కంపెనీలు చేయు పనులకు 70 మంది సమ్మతి, ఊరికి గలుగు మేలుకీళ్ల విచారణ అను కట్టుబాట్లుంచిరి. పల్లెలలో విపణి ధరకు నాలుగింతల వరకు పరిహారము వచ్చును. ఇది మంచి శాసనము. దానిని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2018లోను తమ సవరణలచే సడలించి, పెక్కు పనులకు మేలుకీళ్ల విచారణ అక్కరలేకుండ జేసికొన్నవి. ఒకరినొకరు శాసనసభలలో తిట్టుకొను పక్షములు ఇందు మాత్రము ఏకగ్రీవము.

మేము కోరునది చిన్నది. భూమి తీసికొనకమునుపే సొమ్ము బ్యాంకులో పడవలెను. స్థలమిత్తుమన్నచో ఆ మాట జీ.ఓ.లో గాక శాసనములో నుండవలెను. ప్రభుత్వము మారినను కౌలుసొమ్ము ఖజానామీద మొదటి బాకీగా నుండవలెను. భవనము కట్టకమునుపు దాని యంచనాయు, కూల్చకమునుపు దాని నష్టమును శాసనసభ ముందుంచవలెను.

మీ పఠనమందిరమునకు పత్రికలు వచ్చుచున్నవి. ఆడిటు నివేదికలు, గెజెటు ప్రకటనలు అంతర్జాలమున ఉచితముగా దొరకును. వారమునకొక సాయంకాలము చదువు వచ్చినవారొకరు వానిని బిగ్గరగా చదివి, మీ మండలపు సర్వే సంఖ్యలున్నవేమో చూచి, ఆ రైతులకు కబురు పంపుడు. 2013 శాసనము క్రింద ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలో అభ్యంతరమును వ్రాసి కలెక్టరునకు ఇయ్యవలెను. అరువదియొకటవ దినమున వచ్చిన కాగితమును వారు ఫైలులో పెట్టరు.