క్యూ6600, ఈ8400: పాత కంప్యూటరు కొనేవారికి



తమిళనాడులోని విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి దాకా 44వ జాతీయ రహదారి నల్లరేగడి చేల మధ్య సాగుతుంది. విరుదునగర్ పప్పులకు, మిరపకాయలకు, నూనెలకు పేరుపడ్డ వర్తక కేంద్రం. కోవిల్‌పట్టి అనగానే అగ్గిపెట్టెలూ, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుశనగ మిఠాయీ గుర్తుకొస్తాయి. ఆ పక్కనే ఉన్న శివకాశి క్యాలెండర్ల అచ్చుకు దేశమంతటా తెలిసిన ఊరు. వీటన్నింటిలోనూ కంప్యూటరు పని ఉంది. కొట్లో లెక్కలు, ప్రెస్సులో డీటీపీ, స్టూడియోలో పెళ్లి వీడియో. చిన్న పెట్టుబడితో నడిచే ఇలాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ యంత్రం కొని పని మొదలుపెట్టేవారు ఉంటారు. వారి కోసమే ఇంటెల్ తయారుచేసిన రెండు పాత ప్రాసెసర్ల గురించి ఈ ప్రసంగం. ఒకటి కోర్ 2 క్వాడ్ క్యూ6600, రెండోది కోర్ 2 డ్యుయో ఈ8400.

వీటి పుట్టుక తెలియాలంటే పెంటియం 4 దగ్గర మొదలుపెట్టాలి. గిగాహెర్ట్జ్ అంకె పెంచుకుంటూ పోవడమే ఆ చిప్పు నమ్ముకున్న దారి. అంకె 3.8 దాకా ఎగబాకింది, దానితోపాటు వేడీ పెరిగింది. చేసే పని మాత్రం ఆ మేరకు పెరగలేదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో లాప్‌టాప్ చిప్పుల మీద పనిచేస్తున్న ఇంటెల్ ఇంజనీర్లు వేరే దారి పట్టారు. గడియారం నెమ్మదిగా కొట్టుకున్నా, ఒక్కో కొట్టుకు ఎక్కువ పని పూర్తికావాలన్నది వారి పట్టుదల. ఆ పట్టుదల నుంచే 2006 జూలైలో కోర్ 2 కుటుంబం వెలువడింది.

క్యూ6600 2007 జనవరిలో 851 డాలర్ల ధరతో వచ్చింది. నాలుగు కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే నాలుగు భాగాలు; 2.4 గిగాహెర్ట్జ్ వేగం; 8 ఎంబీ క్యాష్, అంటే చిప్పు లోపలి జ్ఞాపకం. రెండేసి కోర్లున్న రెండు సిలికాన్ ముక్కలను ఒకే మూత కింద అమర్చి దీన్ని చేశారు. మొత్తం 58 కోట్ల 20 లక్షల ట్రాన్సిస్టర్లు. అదే ఏడాది జూలైకల్లా ధర 266 డాలర్లకు పడిపోయింది. ఆరు నెలల్లో మూడో వంతు కన్నా కిందికి దిగడంతో, నాలుగు కోర్లు మామూలు కొనుగోలుదారుకూ అందాయి.

ఈ8400 ఒక ఏడాది తర్వాత, 2008 జనవరిలో 183 డాలర్లకు వచ్చింది. అప్పటి మారకం ప్రకారం అది ఏడు వేల రూపాయల పైచిలుకు. రెండే కోర్లు, కానీ వేగం 3 గిగాహెర్ట్జ్, క్యాష్ 6 ఎంబీ. మొదటిది 65 నానోమీటర్ల పద్ధతిలో చేసినదైతే, ఇది 45 నానోమీటర్ల పద్ధతిలో చేసినది. ట్రాన్సిస్టర్లలో హాఫ్నియం అనే లోహపు సమ్మేళనం వాడటంతో కరెంటు వృథాగా కారిపోవడం తగ్గింది. దీని ఉష్ణ పరిమితి 65 వాట్లే. క్యూ6600 తొలి రూపానికి అది 105, తర్వాతి రూపానికి 95.

కాగితం మీద కూడితే నాలుగు కోర్లదే పైచేయి. నాలుగు రెట్లు 2.4 అంటే 9.6, రెండు రెట్లు 3 అంటే 6. కానీ పని నాలుగు భాగాలుగా విడిపోయినప్పుడే ఆ బలం బయటపడుతుంది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పనిలో పుల్లలను చట్రాల్లో పేర్చడానికి ఎంతమందినైనా కూర్చోబెట్టవచ్చు. నిండిన చట్రాన్ని మందులో ముంచేది మాత్రం ఒక్కరే, అక్కడ ఆ ఒక్కరి చేతి వేగమే లెక్క. ప్రోగ్రాముల్లోనూ ఈ రెండు రకాలున్నాయి.

విరుదునగర్ పప్పుల వర్తకుడు ట్యాలీ అనే లెక్కల ప్రోగ్రాములో బిల్లు కొట్టి, నిల్వ చూసుకుని, ప్రింటు తీసుకుంటాడు. ఈ పని చాలావరకు ఒకే కోర్ మీద నడుస్తుంది. గడియార వేగంలోనే 25 శాతం ముందున్న ఈ8400 ఇక్కడ చురుగ్గా ఉంటుంది, ఖర్చూ తక్కువ. కోవిల్‌పట్టి స్టూడియోలో పెళ్లి వీడియోను కుదించి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేవారి సంగతి వేరు. ఆ పని నాలుగు కోర్లకూ చక్కగా పంపకమవుతుంది. అక్కడ క్యూ6600 గంటల పనిలో గణనీయంగా సమయం మిగులుస్తుంది. శివకాశి డీటీపీ కార్మికుడికి రెండూ సరిపోతాయి. పెద్ద ఫొటోషాప్ ఫైళ్లకు అతనికి ముందు కావలసింది ర్యామ్, ఆ తర్వాతే ప్రాసెసర్.

ఇళ్ల మాటకొస్తే, కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకునే కుటుంబాలు ఎన్నో. ఇడైసేవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ అలాంటి ఇంటివారే. ఈ ఇళ్లలో పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుకోవడానికి ఇంటర్నెట్ వీడియోలు మంచి ఆసరా. ఆ వీడియోలను విప్పే భారం పాత గ్రాఫిక్స్ మోయలేక ప్రాసెసర్ మీదే వేస్తుంది, పైగా బ్రౌజరు ఒకేసారి పలు ప్రక్రియలు నడుపుతుంది. ఇంటికైతే క్యూ6600 నయం.

కరెంటు సంగతీ చూడాలి. రెండింటి పరిమితుల మధ్య తేడా ఎక్కువలో ఎక్కువ 40 వాట్లు. రోజుకు పది గంటలు పూర్తి భారంతో నడిపినా రెండు నెలలకు 24 యూనిట్లు. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం కాబట్టి, ఆ ఉచితంలో దాదాపు నాలుగో వంతు ఈ తేడాకే పోతుంది. దుకాణానికి ఆ వెసులుబాటు లేదు. వేడి ఇంకో చిక్కు. ఈ ప్రాంతపు ఎండలో, నల్లరేగడి దుమ్ములో ఫ్యాను రెక్కలు త్వరగా పూడుకుపోతాయి. ఏ చిప్పు కొన్నా ఫ్యాను విప్పి తుడిపించి, కొత్త థర్మల్ పేస్ట్ వేయించాలి.

క్యూ6600 కొనేవారు మూత మీద అక్షరాలు చదవాలి. ఎస్ఎల్ఏసీఆర్ అని ఉంటే 95 వాట్ల తర్వాతి రూపం. ఎస్ఎల్9యూఎం అని ఉంటే ఎక్కువ వేడెక్కే తొలి రూపం. ఎస్ఎల్ఏసీఆర్ ఉన్నదే అడిగి తీసుకోవాలి.

రెండు చిప్పులూ ఒకే 775 కాళ్ల సాకెట్‌లో కూర్చుంటాయి. అంతమాత్రాన ప్రతి మదర్‌బోర్డూ రెండింటినీ ఒప్పుకోదు. 945 చిప్‌సెట్ బోర్డుకు ఈ8400 అధికారికంగా తగదు. జీ31 ఉన్నవి సాధారణంగా రెండింటినీ నడుపుతాయి, కానీ ర్యామ్ 4 జీబీ దాటదు. ఏ బోర్డయినా, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టిస్తే వచ్చే మార్పు ప్రాసెసర్ మార్పు కన్నా వెంటనే తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం రెండింటిదీ ఒకే గతి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2024లో వచ్చిన విండోస్ 11 రూపానికి ఎస్ఎస్ఈ4.2 సూచనలు తప్పనిసరి, అవి ఈ చిప్పుల్లో లేవు. ట్యాలీ కోసం పాత విండోస్ ఉంచుకునే వర్తకుడు ఆ యంత్రంలో బ్యాంకు పనులు చేయకూడదు. చదువుకూ వీడియోలకూ డెబియన్ లాంటి లినక్స్ రెండింటి మీదా నడుస్తుంది. చెన్నైలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా డెబియన్ ఆధారంగా చేసినదే.

బేరం చేసేటప్పుడు మరో పేరు అడగాలి. 2011లో వచ్చిన కోర్ ఐ3-2100. 3.1 గిగాహెర్ట్జ్ వేగం, రెండు కోర్లు, నాలుగు పనులను ఒకేసారి పట్టే ఏర్పాటు, అదే 65 వాట్లు. ఒక్కో కోర్ బలంలో ఈ8400ను దాటుతుంది, గ్రాఫిక్స్ కూడా ఆ చిప్పులోనే ఉంటుంది. ధరలో తేడా కొద్దిపాటిదైతే పై రెండింటినీ పక్కనపెట్టి ఐ3 తీసుకోవచ్చు. తేడా ఎక్కువగా ఉంటే దుకాణానికి ఈ8400, స్టూడియోకూ ఇంటికీ క్యూ6600 కొనుక్కోవాలి.