తలుపు బిగిసినచో

బద్వేలు ప్రాంతమున వేసవికి కొయ్య యెండి కుదించుకొనును. వానలకు తేమ పీల్చి యుబ్బును. బిగిసినది గదా యని వానలలోనే తలుపునకు చిత్రిక పట్టించుట మేము మెచ్చము. మరుసటి వేసవికి ఆ సందులనుండియే వడగాలియు దుమ్మును లోనికి వచ్చును.

శ్రోతలు ముందుగా పైబందును చూడవలెను. మరమేకులు వదులైనచో తలుపు వాలి, క్రిందిమూల గడపను రాచుకొనును. పాపము, నింద కొయ్యమీదికి పోవును! మేకు తీసి, రంధ్రమున జిగురు పూసిన పుల్లను దిగగొట్టి, ఆరిన పిదప మరల బిగింపవలెను. వేసవిలో తలుపు పైయంచునకు, క్రిందియంచునకు గూడ రంగు వేయించినచో తేమ అంతగా చొరదు.

నగరములలోని కొన్ని కొత్త యిండ్లకు జంట అద్దముల కిటికీలు, తలుపులు కలవు. అద్దముల నడుమ ఆవిరి మసక పట్టినచో తుడిచి ప్రయోజనము లేదు. అంచుల అతుకు విడి తేమ చేరినదన్నమాట. చట్రము పదిలముగా నున్నచో అద్దముల జతను మాత్రమే మార్పించిన చాలును.