వార్ధక్యమున నొప్పిమందుల కలయిక: మేలు కీడుల తూకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు విజ్ఞానదానము చేయుచున్న ఈ గ్రంథాలయపు పండుగనాడు ఆరోగ్యవిషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఏ విషయము చెప్పుదునా యని యోచించి, ఈ పందిటిలో కూర్చున్న పెద్దలలో అనేకుల జేబులలోను కొంగుముడులలోను ఉండు వస్తువును గూర్చియే చెప్ప నిశ్చయించితిని. అది నొప్పిబిళ్ళ.

మొదట ఒక అపోహను తొలగింపవలసియున్నది. ముసలితనమున నొప్పులు సహజమనియు, వానిని ఓర్చుకొనవలసినదే యనియు కొందరు చెప్పుదురు. ఇది సరికాదు. మోకాటినొప్పిచే నడక మానినవారి తొడకండరములు క్షీణించును. కండరము క్షీణించినకొలది కీలుపై భారము పెరుగును, నొప్పి మరింత హెచ్చును. రాత్రి నిద్ర యుండదు, పగలు మనస్సున ఉల్లాసముండదు. కావున నొప్పికి మందు వాడుట తప్పుకాదు. అయితే ఏ మందు, ఎంత, దేనితో కలిపి యను మూడు ప్రశ్నలు గలవు. మొదటి రెండింటిని అందరు నడుగుదురు. మూడవదానిని అడుగువారు అరుదు. నేటి నా మనవి యంతయు ఆ మూడవ ప్రశ్నను గూర్చియే.

నొప్పిమందులు స్థూలముగా మూడు తెగలు. మొదటిది పారాసిటమాల్. రెండవది నొప్పితోపాటు వాపును కూడ తగ్గించు తెగ; ఆస్పిరిన్, ఐబుప్రొఫేన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మున్నగునవి ఇందు చేరినవి. మూడవది నల్లమందు జాతికి చెందిన మార్ఫిన్, ట్రమడాల్ వంటివి.

రెండవ తెగ కథ తెలిసికొనదగినది. 1897లో జర్మనీ దేశమున ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆస్పిరిన్‌ను శుద్ధరూపమున తయారుచేసెను. లోకమంతయు దానిని వాడెను గాని, అది నొప్పిని ఎట్లు తగ్గించునో చాలకాలము తెలియలేదు. 1971లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ ఆ రహస్యమును కనుగొనెను. అందులకు 1982లో నోబెల్ బహుమానమును పొందెను. శరీరమున ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు పుట్టి నొప్పిని వాపును పెంచును. ఈ మందులు వాని పుట్టుకను అడ్డుకొనును. చిక్కు ఎక్కడనగా, ఆ పదార్థములే జీర్ణాశయపు లోపలిపొరను ఆమ్లము నుండి కాపాడును. మూత్రపిండములకు రక్తప్రవాహము తగ్గకుండ చూచును. మోకాటి యొద్ద అడ్డుకొని తక్కినచోట్ల విడిచిపెట్టు వివేకము బిళ్ళకు లేదు.

మన చిన్ననాట పశువు చచ్చినచో రాబందులు గుంపులుగా వ్రాలెడివి. అవి యిప్పుడేవి? పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ కళేబరమున మిగిలి, దానిని తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చుచున్నవని పాకిస్తానులో జరిగి 2004లో ప్రకటితమైన పరిశోధన తేల్చెను. 2006లో భారతప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించెను. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫేన్‌లను కూడ పశువైద్యమున నిషేధించెను. మనుష్యులు రాబందులు కారు. మనకు ఈ మందును తట్టుకొను శక్తి చాల హెచ్చు. అయినను ఆ శక్తి వయస్సుతోపాటు తగ్గుచుండును. నలువది దాటిన పిమ్మట మూత్రపిండముల వడపోత సాధారణముగా క్రమక్రమముగా సన్నగిల్లును. వృద్ధులలో కండరములు తక్కువగుటచే రక్తపరీక్షలో క్రియాటినిన్ సంఖ్య బాగుగనే కనిపించి, లోపల వడపోత మందగించియుండుటయు కలదు.

ఇక కలయికలను విచారింతము. ఒక పెద్దాయనను ఊహింపుడు. వయస్సు డెబ్బదిరెండు, బరువు 40 కిలోలు. ఒళ్లునొప్పులకు 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ రోజునకు మూడు మాటులు వేసికొనును; అది 1950. మోకాటికని ఎసిక్లోఫెనాక్ కలిసిన బిళ్ళ రెండు పూటలు. అందును 325 చొప్పున పారాసిటమాల్ కలదు, అది 650. జలుబు చేసినదని మరియొక బిళ్ళ రెండు పూటలు. అందు 500 చొప్పున 1000. మొత్తము 3600 మిల్లీగ్రాములు. తూకము తక్కువగల వృద్ధులకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున రోజునకు నాలుగు మాటులకు మించరాదని లెక్క. అనగా ఈయనకు 2400. మద్యపానము, కాలేయవ్యాధి, తిండి లేమి యున్నచో ఇంకను తగ్గింపవలెను. మూడు రంగుల బిళ్ళలు మూడు మందులని ఆయన తలంచెను. కాలేయమునకు మాత్రము అది ఒకే మందు.

రెండవ కలయిక, ఒకే తెగలోని రెండు మందులు. ఇంటిలో డైక్లోఫెనాక్ బిళ్ళ వేసికొని, తగ్గలేదని సాయంకాలము ఆర్.ఎం.పి. వద్ద అదే తెగకు చెందిన సూది వేయించుకొందురు. ఉపశమనము రెట్టింపు కాదు. జీర్ణాశయమున పుండు, రక్తస్రావము కలుగు ప్రమాదము మాత్రము హెచ్చును. స్టెరాయిడ్ తోడైనచో మరింత హెచ్చును. పేరు లేకుండ పొట్లము కట్టి యిచ్చు బిళ్ళలలోను పొడులలోను ఏమి కలదో చెప్పువారుండరు గనుక వానిని అసలు వాడరాదు. గ్యాసుబిళ్ళ తోడుగా వేసికొనుచున్నాము గదా యని కొందరందురు. అది జీర్ణాశయమును కొంత కాపాడును గాని మూత్రపిండమును కాపాడజాలదు.

మూడవది రక్తపోటు మందులతోడి కలయిక. దీనిని రైతులకు చెరువు సామ్యముతో చెప్పవచ్చును. నొప్పిబిళ్ళ మూత్రపిండమునకు రక్తము వచ్చు కాలువను సన్నము చేయును. టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటి రక్తపోటు మందులు బయటికి పోవు తూమును వెడల్పు చేయును. మూత్రము జారీ చేయు మందు చెరువులోని నీటినే తగ్గించును. ఈ మూడును కూడినచో వడపోతకు కావలసిన ఒత్తిడి నిలువదు. రక్తపోటు బిళ్ళలు కొన్నింటిలో తక్కిన రెండు మందులును కలిసియే యుండును. కావున ఒక్క నొప్పిబిళ్ళతో ముగ్గురును కూడినట్లగును. వడగాలి రోజులలోను, వాంతులు విరేచనములు అగునప్పుడును ఈ అపాయము మిక్కిలి హెచ్చు. ఉద్దానమువలె మూత్రపిండవ్యాధి పీడించు ప్రాంతముల వారు ఈ విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను.

నాలుగవది రక్తమును పలుచన చేయు మందులతోడి కలయిక. గుండెకని రోజును 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసికొనువారు ఐబుప్రొఫేన్ కలిపినచో రక్తస్రావభయము పెరుగుటయే గాక, ఆస్పిరిన్ గుండెకు చేయు మేలు కూడ తగ్గవచ్చును. వార్ఫరిన్ వాడువారు వైద్యుని యడుగక ఏ నొప్పిబిళ్ళయు ముట్టరాదు.

ఐదవది ట్రమడాల్‌తో నిద్రమాత్ర. రెండును మత్తు గలిగించునవే. రాత్రివేళ లేచి తూలిపడి తుంటియెముక విరుగుటయు, శ్వాస మందగించుటయు ఇందుచేత కలుగును. మనోవ్యాధులకు వాడు కొన్ని మందులతో ట్రమడాల్ కలిసినచో వణుకు, మూర్ఛలు కూడ రావచ్చును.

ఇన్ని కీడులు చెప్పితినని మందులన్నింటిని పారవేయకుడు. కలయికయంతయు చెడ్డది కాదు. వైద్యుడు ఆలోచించి చేసిన కూర్పున ఒక్కొక్క మందు మోతాదును తగ్గింపవచ్చును. మోకాటికి పైన పూయు డైక్లోఫెనాక్ లేపనము రక్తములోనికి బిళ్ళకంటె చాల తక్కువగా చేరును. తొడకండరములను బలపరచు వ్యాయామము, చేతికఱ్ఱ యను రెండింటికి ఏ మందుతోను వైరము లేదు. బిళ్ళ తప్పనిసరియైనచో తక్కువ మోతాదు, తక్కువ దినములు.

మలము తారువలె నల్లగా వచ్చినను, పాదములు ఉబ్బినను, మూత్రము తగ్గినను, కన్నులు పచ్చబడినను, మాట తడబడి మత్తు కలిగినను, నొప్పిబిళ్ళ నాపి వెంటనే ఆసుపత్రికి పోవలెను. గుండెకు వ్రాసియిచ్చిన ఆస్పిరిన్‌ను మాత్రము స్వంతముగా మానరాదు; వైద్యుని యడుగవలెను.

తుదకొక విన్నపము. పూర్వము ఉత్తరము వచ్చినచో చదువు వచ్చిన పిల్లవానిని పిలిచి చదివించుకొనెడివారు. నేడు మీ యింటి పెద్దల బిళ్ళల అట్టలను అట్లే చదివిపెట్టుడు. వ్యాపారనామముతోపాటు అసలు మందు పేరును, మిల్లీగ్రాములును దానిపై ముద్రించియుండును. ఆ పేర్లన్నియు ఒక కాగితముపై వ్రాసి, గుండెవైద్యునికిని, ఎముకల వైద్యునికిని, మందుల దుకాణమువారికిని ఆ కాగితమునే చూపుడు. ఒకే పేరు రెండుమార్లు కనిపించినచో ఆగి అడుగుడు. ఈ గ్రంథాలయమున అక్షరాభ్యాసము చేసిన యువకులు వారమున కొక సాయంకాలము ఇచట కూర్చుండి, అట్టలు తెచ్చిన పెద్దలకు ఈ పట్టిక వ్రాసి యిచ్చునట్లు పాలకవర్గమువారు ఏర్పాటు చేయుదురని ఆశించుచున్నాను.