1984 అక్టోబరు 31: ఒక బడిరోజు జ్ఞాపకం
(స్నాతకోత్సవ ప్రసంగం)

1984 అక్టోబరు 31 బుధవారం. దీపావళి వెళ్ళి వారం అయింది. తెలుగు ఊళ్ళలో బడులు మామూలుగా నడుస్తున్నాయి. ఉదయం తొమ్మిదిన్నర కాకముందే ఢిల్లీలో, సఫ్దర్‌జంగ్ రోడ్డు ఇంటి నుంచి పక్కనే ఉన్న అక్బర్ రోడ్డు కార్యాలయానికి నడిచి వెళుతున్న ప్రధాని ఇందిరాగాంధీని ఆమె సిక్కు అంగరక్షకులే ఇద్దరు కాల్చారు. నటుడు పీటర్ ఉస్తినోవ్ ఇంటర్వ్యూ కోసం కెమెరాలతో అక్కడ ఎదురుచూస్తున్నాడు. జూన్‌లో అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలోకి సైన్యాన్ని పంపినందుకు ఆ కాల్పులు ప్రతీకారం. ఆమెను అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు తరలించారు. మధ్యాహ్నం రెండు దాటాక చనిపోయినట్టు డాక్టర్లు నిర్ధారించారు.

తెలుగువారికి ఇది దూరపు వార్త కాదు. 1980 ఎన్నికల్లో ఆమె రాయబరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి, రాయబరేలీ వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. అంటే ఆ రోజు మెదక్ తన పార్లమెంటు సభ్యురాలిని పోగొట్టుకుంది. అప్పటి కేంద్ర హోంమంత్రి పి.వి. నరసింహారావు కూడా తెలుగువారే.

ఆ రోజు బడిలో ఉన్నవాళ్ళను కదిలిస్తే చాలామంది చెప్పే కథ ఒకటే: పొద్దున ప్రార్థన దగ్గర హెడ్మాస్టరుగారు విషయం చెప్పారు, రెండు నిమిషాలు మౌనం పాటించారు, పుస్తకాల సంచులు తగిలించుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఈ కథను గడియారం పక్కన పెట్టి చూడాలి. కాల్పులు జరిగింది దాదాపు ప్రార్థన వేళకే. కాల్పుల సంగతిని విదేశీ రేడియో పొద్దున్నే చెప్పినా, మరణాన్ని ప్రభుత్వం అధికారికంగా ప్రకటించేసరికి సాయంత్రమైంది. దూరదర్శన్‌లో సల్మా సుల్తాన్ ఆ వార్త చదివింది కాల్పులు జరిగిన పది గంటల తర్వాత. బెంగాల్ పర్యటన నుంచి తిరిగివచ్చిన రాజీవ్ గాంధీ ప్రధానిగా ప్రమాణం చేసిందీ ఆ సాయంత్రమే. కాబట్టి ప్రార్థనలో మరణవార్త విన్నామన్న మాట నిలవదు. మధ్యాహ్నం ఎవరి ట్రాన్సిస్టరో, పోస్టాఫీసు ఫోనో మోసుకొచ్చిన సగం వార్తతో బడి వదిలేశారన్న కథ నిలుస్తుంది. మౌనం పాటించింది బహుశా సంతాప సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున. రెండు రోజులు మనసులో ఒకటైపోయాయి. పైగా మరునాడు నవంబరు 1, ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం. ఆ ఏడు అది సంతాపంలో వచ్చింది.

చెప్పేవాళ్ళు అబద్ధమాడుతున్నారని దీని అర్థం కాదు. ఇలాంటి జ్ఞాపకాన్ని మనస్తత్వవేత్తలు బ్రౌన్, కులిక్ 1977లో ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకం అన్నారు. పెద్ద వార్త విన్న క్షణం, విన్న చోటు, చెప్పిన మనిషి మనసులో ఫొటోలా పడిపోతాయని వాళ్ళ వాదం. ఆ వాదానికి గట్టి పరీక్ష అమెరికాలో 1986 జనవరిలో వచ్చింది. ఆ నెల 28న, మంగళవారం, చాలెంజర్ వ్యోమనౌక ఎగిరిన 73 సెకన్లకు ముక్కలైంది. అందులో క్రిస్టా మెకాలిఫ్ అనే బడి టీచరు ఉన్నందువల్ల దేశమంతటా పిల్లలు తరగతి గదుల్లో టీవీల ముందు కూర్చుని ఆ దృశ్యాన్ని అప్పటికప్పుడు చూశారు. మరునాటి ఉదయమే ఎమరీ విశ్వవిద్యాలయంలో నైసర్, హార్ష్ తమ విద్యార్థులతో ఆ వార్త ఎలా తెలిసిందో రాయించి దాచారు. రెండున్నరేళ్ళు దాటాక వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగారు. నాలుగో వంతు మందికి ముఖ్యమైన వివరాలేవీ మొదటి రాతతో కలవలేదు. అయినా చాలామంది తమ జ్ఞాపకం మీద పూర్తి ధీమాతో ఉన్నారు. తమ పాత చేతిరాత చూపించినా అసలు సంగతి వాళ్ళకు గుర్తుకు రాలేదు. చెప్పే మనిషికున్న నమ్మకం చెప్పిన సంగతికి రుజువు కాదని ఆ పరీక్షతో తేలింది.

జ్ఞాపకంలో జారిపోయే మరో సంగతి, ఆ రోజుకు ముందు వెనకలు. 1984 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు తెలుగుదేశం ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజులూ కేంద్రాన్ని, ఇందిరాగాంధీని తిట్టిన బజార్లే అక్టోబరు 31న దుకాణాలు మూసుకున్నాయి. ఆ దుఃఖం నిజమైనదే, ఓటు మాత్రం దాని వెంట పోలేదు. డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ దేశంలో 400 దాటితే, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 30 తెలుగుదేశానికి వెళ్ళాయి. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షంగా కూర్చుంది. దేశమంతా ఒక్కటై ఏడ్చిందని రాసే పాఠ్యపుస్తకాలు ఈ పేజీని తొందరగా తిప్పేస్తాయి.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. తెలుగు ఊళ్ళలో పిల్లలకు మిగిలింది అనుకోని సెలవు, రేడియోలో ఆగకుండా మోగిన విషాద వాద్యం, నవంబరు 3న టీవీ ఉన్న ఇంటి గడపలో కిక్కిరిసి చూసిన అంత్యక్రియలు. ఆ మూడు నాలుగు రోజుల్లోనే ఢిల్లీలో సిక్కుల ఇళ్ళు, గురుద్వారాలు తగలబెట్టారు. మనుషులను వెతికి వెతికి చంపారు. ఢిల్లీలో చనిపోయినవారు 2,733 మంది అని ప్రభుత్వ లెక్క. కాన్పూర్, బొకారో లెక్కలు వేరు. ఢిల్లీలోని త్రిలోక్‌పురిలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడికి అక్టోబరు 31 ఒక సెలవు రోజు కాదు, ఇంట్లో అందరూ కలిసి ఉన్న చివరి రోజుల్లో ఒకటి. ఈ రెండు జ్ఞాపకాల్లో ఒక్కదాన్నే తీసుకుని జాతి జ్ఞాపకం అనడం చరిత్ర రాయడం కాదు.

ఈ స్నాతకోత్సవంలో చరిత్రలోనూ విద్యాశాస్త్రంలోనూ పట్టాలు అందుకుంటున్నవారిలో కొందరు బడుల్లో చేరతారు, కొందరు పరిశోధనకు వెళతారు. వీళ్ళందరికీ చేతికందే పని ఇది. మనిషిని అడిగినప్పుడు ఏం గుర్తుందన్న దానితో ఆగకుండా, ఎవరు చెప్పగా విన్నారు, అప్పుడు ఏ పీరియడ్, ఇంటికి ఎలా చేరారు, బస్సులు నడిచాయా అని అడగాలి. ఒకే బడికి చెందిన ముగ్గురిని విడివిడిగా అడిగితే ముగ్గురూ మూడు చెబుతారు. వాటిలో తేడాలనూ అలాగే రాసుకోవాలి, సరిచేయకూడదు. హాజరు పట్టీ దొరికితే ఆ రోజు రెండో పూట హాజరు వేశారో లేదో అందులో తెలుస్తుంది. మరునాటి తెలుగు దినపత్రికలు పాత గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఆనాటి అయిదో తరగతి పిల్లలకు ఇప్పుడు యాభై నిండాయి, వాళ్ళకు పాఠం చెప్పిన పంతుళ్ళు చాలామంది డెబ్బై, ఎనభైల్లో ఉన్నారు. ముందు అడగవలసింది పంతుళ్ళనే.