కౌమారమున క్రీడల యావశ్యకత

(ఉండిలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



మన బాలబాలికల విద్యను గూర్చి నాలుగుమాటలు చెప్పుమని మహాసభవారు మమ్ము కోరినారు. ముప్పదియేండ్లకు పైగా సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న మాబోటివారి కిట్టి యవకాశము లభించుట గౌరవమే. కాని పుస్తకములను గూర్చి మేము జీవితమంతయు మాటాడితిమి. నేడు ఆటస్థలమును గూర్చి మనవిచేయ దలంచితిమి. సంస్కృతపండితునకు బంతియాటతో పనియేమని కొందఱు నవ్వవచ్చును. నవ్వినను మాకు సంతోషమే.

మేమీ విషయమునే యెన్నుకొనుటకు కారణము గలదు. మన సంఘ విద్యార్థివసతిగృహమునకు వెనుకనున్న ఖాళీస్థలమున అంగళ్ళు కట్టించి యద్దెలకిచ్చినచో సంఘమునకు రాబడి పెరుగునని యొక ప్రతిపాదన నేటి సభయెదుట నున్నది. దానిని తెచ్చినవారు సంఘహితమునే కోరినారు. అందు సందేహము లేదు. అయినను నిర్ణయమునకు ముందు ఈ వృద్ధుని మాటలు వినవలెనని ప్రార్థించుచున్నాము.

మొదట మన సీమసంగతి తలంచుకొందము. మా చిన్నతనమున, అనగా 1970 ప్రాంతమున, ఈ ఉండి, ఆకివీడు, భీమవరపు పల్లెలలో పిల్లల కాటస్థలమును ఎవరును వేఱుగా ఇచ్చినది లేదు. సార్వా కోతలైన పిమ్మట కళ్ళములును, దాళ్వా పైరు తీసిన వెనుక ఎండిన చేలును మావే. చెడుగుడు, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి, ఏడుపెంకులాట—ఒక్కకాసు ఖర్చు లేని ఆటలు. ఈత నేర్పుటకు గురువు లేడు. అన్నయో, మామయో నడుమునకు కండువా కట్టి కాలువలోనికి దింపెడివాడు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన తరువాత గోదావరినీరు కాలువలవెంట వచ్చి మన చేలను పండించినది. మన పిల్లల కీతయు నేర్పినది.

నేడు పరిస్థితి మాఱినది. 1980 తరువాత కొల్లేటి చుట్టుప్రక్కల వరిచేలు క్రమముగా చేపల చెఱువులైనవి, కొన్ని రొయ్యల చెఱువులైనవి. అందువలన మనవారికి ధనము వచ్చినది, కాదనము. కాని వరిచేను ఏడాదిలో కొన్ని నెలలు పిల్లలకు మైదానమగును. చేపలచెఱువు పండ్రెండు నెలలును చెఱువే. ఊరిచుట్టును నీరు, నడుమ ఇండ్లు, ఇండ్లలో పిల్లలు, పిల్లలచేతులలో సెల్‌ఫోనులు. నేలయే లేనప్పుడు 'మా వాడు ఆడడు' అని వానిని నిందించుట న్యాయమా?

మన ప్రాంతమున ఆటలే లేవా యని మీరడుగవచ్చును. సంక్రాంతి మూడునాళ్ళును భీమవరము చుట్టుప్రక్కల జనసముద్రమే గదా! కాని యచట ఆడునది కోడి, మనము చూతుము. క్రికెట్టు పోటీలనాడును అంతియే. ఎవరో ఆడుదురు, మనము కూర్చుండి చూతుము. కొందఱు పందెములును కాయుదురు. చూచువాని కండరము పెరుగదు. పందెము కాచువాని ధైర్యము పెరుగదు, అప్పు పెరుగును.

ఇక శరీరమును గూర్చి. పదుమూడేండ్లు మొదలు పందొమ్మిదేండ్లవఱకు దేహమున ఎముక, కండరము, గుండె, ఊపిరితిత్తులు అన్నియు పెంపొందును. మనుష్యుడు జీవితమున కూర్చుకొనగల ఎముకబలమున దాదాపు తొమ్మిదిపాళ్ళు బాలికలకు పదునెనిమిదేండ్లకును, బాలురకు ఇరువదేండ్లకును సమకూడునని వైద్యులు చెప్పుచున్నారు. దుముకుట, పరుగెత్తుట, బరువు మోయుట—వీనివలననే ఎముక గట్టిపడును. ఈ యేండ్లలో కూర్చిన సొమ్మునే ముసలితనమున తీసి వాడుకొనవలెను. మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కు మావంటివారి కీ మాట బాగుగా తెలియును.

ఎంత యాడవలెను? అయిదు మొదలు పదునేడేండ్లవఱకు గల పిల్లలు దినమునకు సగటున అఱువది నిమిషములు చెమటపట్టునట్లు కదలవలెననియు, వారమున మూడుదినములైనను గట్టి శ్రమ చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో నిర్ణయించినది. ఆ సంస్థవారే 146 దేశముల విద్యార్థుల స్థితిని పరిశీలించి, 2016 నాటికి పదునొకండు మొదలు పదునేడేండ్లవారిలో నూటికి 81 మంది ఆ మాత్రము కూడ కదలుటలేదని 2019లో ప్రకటించిరి. బాలికలలో ఆ లెక్క 85. కావున ఈ వ్యాధి మన యూరిది మాత్రమే కాదు, లోకమంతటను గలదు. అంతమాత్రమున మనకు ఊరట కలుగదు.

మన ప్రాచీనులు దీని నెఱుగనివారు కారు. సుశ్రుతుడు వ్యాయామమును ప్రశంసించుచు దానికి మితికూడ చెప్పినాడు: తన బలములో సగమువఱకే శ్రమింపవలెను. నుదుట, ముక్కున, కీళ్ళయందు చెమట పొడమి, నోరెండి, ఊపిరి బరువైనప్పుడు ఆ సగము పూర్తియైనదని గుర్తు. మితిమీఱిన వ్యాయామమువలన దప్పి, క్షయము మొదలగునవి కలుగునని చరకుడు హెచ్చరించినాడు. నేటి శిక్షకులలో కొందఱు పతకములకొఱకు పిల్లల కీళ్ళు అరుగదీయుచున్నారు; మే నెల మిట్టమధ్యాహ్నమున పరుగెత్తించుచున్నారు. అట్టివారు ఈ ప్రాచీనుల మాట చెవినిడవలెను. ఆట ఔషధమువంటిది, మోతాదు తప్పరాదు.

ఇప్పుడు మనస్సును గూర్చి. ఇచట మేమొక తప్పు నొప్పుకొనవలసియున్నది.

మేమొక ఉన్నతపాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా నుంటిమి. పదవతరగతి ఫలితములు హెచ్చవలెనని పైనుండియు, తల్లిదండ్రులనుండియు ఒత్తిడి కలుగగా, పదవతరగతివారికి ఆటలగంట రద్దుచేసి, బంతులున్న బీరువాకు తాళమువేసి, తాళపుచెవి మా జేబులో వేసికొంటిమి. ఆ తరగతిలో కొల్లేటిగ్రామమునుండి సైకిలుపై వచ్చు పిల్లవాడొకడుండెను. చదువు సామాన్యము. వాలీబాలులో మాత్రము బంతిని లేపి తోడివానికి అందించుటలో వానికి సాటి లేదు. తాను కొట్టడు, ఇతరులు కొట్టుటకు అనువుగా ఎత్తియిచ్చును. నాలుగువారములలో వాడు మాటలు మానినాడు, వెనుకబల్లకు చేరినాడు, తరువాత బడికి రాడాయెను. మేము సోమరితనమనుకొంటిమి.

ఒకనాడు వాని తండ్రి వచ్చి, చేతులు కట్టుకొని, "మేస్టారూ, మావోడు బడికొచ్చేదే ఆ బంతాట కోసమండి. అది తీసేశాక అన్నం తినటం లేదండి, రాత్రుళ్ళు నిద్దరోటం లేదండి. మార్కులు రాపోయినా పర్లేదండి, పిల్లోడు దక్కితే చాలండి" అనెను. శాస్త్రములు చదివిన మాకు, అక్షరము రాని ఆ చేపలవాడు చెప్పిన పాఠమది. ఆ సాయంకాలమే తాళము తీసితిమి. పిల్లవాడు వెంటనే మాఱలేదు. కొన్నిదినములు ఒడ్డుననే నిలిచి చూచినాడు. తరువాత మెల్లగా వలదగ్గఱకు వచ్చినాడు. ఆ యేడు మా పాఠశాలలో ఉత్తీర్ణులసంఖ్య ఏమాత్రమును తగ్గలేదు. వాడును సామాన్యముగనే ఉత్తీర్ణుడైనాడు. నేడు చేపలచెఱువు పని చూచుకొనుచు, సాయంకాలములందు తన యూరిపిల్లలకు వలకట్టి ఆడించుచున్నాడు. మా శిష్యులలో పెద్ద యుద్యోగస్థులు పెక్కండ్రు గలరు. కాని మాకు తఱచుగా జ్ఞాపకము వచ్చువాడు వీడే.

ఒక్క బాలుని కథతో సిద్ధాంతము చేయరాదు. మేము తర్కము చదివినవారమే. కాని ఇందలి కారణములు తెలియనివి కావు. ఆడినవానికి గాఢనిద్ర పట్టును. ఈ వయస్సువారికి రాత్రి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెను. నిద్ర చాలినచో చిఱాకు తగ్గును, చదివినది నిలుచును. శ్రమవలన మెదడులో ఉల్లాసమును కలిగించు రసాయనములు పుట్టును. అన్నిటికంటె ముఖ్యమైనది, జట్టులో నున్నవానికి 'నేనొకరికి కావలసినవాడను' అను భావము కలుగును. ప్రపంచమున పది మొదలు పందొమ్మిదేండ్లవారిలో ఏడుగురికొకరు ఏదేనొక మానసికబాధ ననుభవించుచున్నారని ఆరోగ్యసంస్థ లెక్క. వారికి ఒంటరితనమే పెద్దశత్రువు.

ఓటమిని గూర్చియు చెప్పవలెను. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడు దినములలో పత్రికలలో వచ్చు వార్తలు తలచుకొన్న నోరు రాదు. ఎన్నడును ఓడి యెఱుగని పిల్లవానికి మొదటి యోటమియే కొండయగును. ఆటస్థలమున వాడు వారమునకు నాలుగుమార్లు ఓడును. మరునాడు మరల వచ్చును. ఓడినవాడు గెలిచినవానితో చేయి కలిపి ఇంటికి పోవు విద్య ఏ పాఠ్యపుస్తకమునను లేదు. అయినను ఆటయే సర్వరోగనివారిణి యనము. దిగులు లోతైనప్పుడు సంకోచింపక వైద్యుని చూపవలెను. 14416 అను సంఖ్యకు ఫోనుచేసినచో ప్రభుత్వమువారి టెలిమానస్ సేవయందు ఉచితముగా సలహా లభించును. ఈ సేవ 2022లో ఆరంభమైనది. ప్రతి యింటిగోడపై ఈ సంఖ్య వ్రాసియుంచుడు.

సోదరీమణులారా! మీతో ప్రత్యేకముగా ఒకమాట. ఆడుపిల్ల పండ్రెండేండ్లు రాగానే ఆట మాన్పుట మనవారికి ఆచారమైనది. శ్రీకాకుళపు ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో మొత్తము 240 కిలోగ్రాములెత్తి, ఒలింపిక్ పతకము పొందిన భారతస్త్రీలలో మొదటిదైనది. పి.వి. సింధు 2016లో రియోలో రజతమును, టోక్యోలో కాంస్యమును గెలిచినది. ఆమె తల్లిదండ్రులిరువురును వాలీబాలు క్రీడాకారులే. మన గోదావరిసీమలోని అమలాపురపు బాలుడు సాత్విక్ సాయిరాజ్, 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో నొకడు. మీ పిల్లలందఱును పతకములు తేవలెనని మేమనము. వేయిమందిలో ఒకరు తెత్తురేమో. తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మిదిమందికి ఆరోగ్యమే పతకము. 2019-21 జాతీయ ఆరోగ్యసర్వే ప్రకారము దేశమున పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదు. పిల్ల త్వరగా అలసిపోయినచో ఆట మాన్పవలదు. రక్తపరీక్ష చేయించి, ఆకుకూరలు, చేపలు, వైద్యుడిచ్చు ఇనుపమాత్రలు పెట్టుడు. కొల్లేటియొడ్డున నుండి చేప లేదనుట మనకు తగదు.

మహాశయులారా! వేలకొలది పతకములకంటె ఒక ఉపాధ్యాయుడెక్కువ. హైదరాబాదులో బడిపంతులుగా నుండిన ఎస్.ఎ. రహీముగారు భారత ఫుట్‌బాలుజట్టును తీర్చిదిద్ది, 1951లోను 1962లోను ఆసియా క్రీడలయందు స్వర్ణములు సాధించి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవస్థానమునకు చేర్చిరి. అట్టి శిక్షకుడు దొరకుట అదృష్టము. కాని శిక్షకుడు దొరకినను నిలుచుటకు నేల కావలెను గదా! బడికి ఆటస్థలముండి తీరవలెనని 2009 విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. చట్టము బడికి చెప్పినదానిని మన వసతిగృహమునకు మనమే చెప్పుకొనలేమా?

మా విన్నపము లివి. ఆ స్థలమున అంగళ్ళు కట్టవలదు. రెండు వాలీబాలు వలలు, ఒక చెడుగుడు బరి, చుట్టును నాలుగు వేపచెట్లు చాలును. సాయంకాలము ఐదుమొదలు ఆఱువఱకు ఏ పరీక్ష యున్నను ఆటలగంట మాన్పరాదు. బాలికలకు వేఱు సమయమును, పెద్దమనిషియైన యొక స్త్రీ పర్యవేక్షణమును ఏర్పఱుపవలెను. వేసవిలో ఈత నేర్పవలెను. కాని తెలిసినవాడు ఒడ్డున లేక, త్రాడు లేక ఎవరును కాలువలో దిగరాదు. సంఘమువారు ఏటేట ప్రథమశ్రేణివారికిచ్చు బహుమానములతోపాటు, జట్టులో తోడివానికి సాయపడిన పిల్లవానికొక బహుమానమీయవలెను. దానికి కావలసిన సొమ్ము మా పింఛనునుండి మేమే ఇచ్చెదము.

అంగళ్ళ యద్దె నెలనెలకు లెక్కకు వచ్చును. పిల్లల ఆరోగ్యము ఏ జమాఖర్చు పుస్తకమునను కనబడదు. కాని ఇరువదియేండ్ల తరువాత ఈ వేదికపై కూర్చుండువారు ఆ పిల్లలే. ఒకప్పుడు తాళము వేసి పశ్చాత్తాపపడినవారము గనుక, మరియొక తాళము పడకుండ అడ్డుపడుట మా ధర్మమని యెంచితిమి. మా మాటలలో కటుత్వమున్న మన్నింపుడు.

ఇంతటితో విరమించుచున్నాము. సర్వేజనులకు శుభమగు గాక!