వయసు ఎందుకు మీద పడుతుంది? మన బాడీ రిపేర్ ఎందుకు ఆపేస్తుంది?



ఈ మధ్య కామెంట్స్‌లో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "అన్నా, ఈ యాంటీ ఏజింగ్ క్యాప్సూల్ వాడొచ్చా?" అని. అడిగేవాళ్లలో చాలామందికి ఇంకా పాతికేళ్లు కూడా లేవు! వాడాలా వద్దా అన్నది చివర్లో చెప్తాను. ముందు అసలు వయసు ఎందుకు మీద పడుతుందో చూద్దాం.

"టైమ్ గడుస్తుంది కాబట్టి" అంటారా? ఎలుక రెండు మూడేళ్లకే ముసలిదైపోతుంది. ఆఫ్రికాలో నేల కింద బతికే నేకెడ్ మోల్ ర్యాట్ సైజులో పెద్ద తేడా లేకపోయినా ముప్పై ఏళ్లు దాటి బతుకుతుంది. రెండింటికీ గడిచే టైమ్ ఒకటే. తేడా ఉన్నది రిపేర్‌లో. మన ఒంట్లో డ్యామేజ్ రోజూ జరుగుతుంది, రిపేరూ రోజూ జరుగుతుంది. రిపేర్ వెనకబడిపోవడమే ముసలితనం.

ఇది కణం లెవెల్‌లో ఎలా ఉంటుందో చూద్దాం. ఒకప్పుడు సైంటిస్టులు మన కణాలు ల్యాబ్‌లో ఎప్పటికీ చావవు అనుకునేవాళ్లు. 1961లో అమెరికాలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ ఇద్దరూ కలిసి అది తప్పని చూపించారు. మామూలు మనిషి కణం సుమారు 50 సార్లు విడిపోయి, అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే క్రోమోజోమ్ చివర్లలో టెలోమియర్ అని ఒక భాగం ఉంటుంది. షూ లేసు చివర ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట. కణం విడిపోయిన ప్రతిసారీ అది కొంచెం అరుగుతుంది. బాగా అరిగాక కణం విడిపోవడం మానేస్తుంది.

అలా ఆగిపోయిన కణాల్లో కొన్ని చావకుండా అక్కడే కూర్చుని, పక్క కణాలకి వాపు తెచ్చే కెమికల్స్ వదులుతుంటాయి. వీటినే జాంబీ కణాలు అంటారు. 2011లో మేయో క్లినిక్ వాళ్లు త్వరగా ముసలిదయ్యేలా తయారుచేసిన ఎలుకల్లో ఈ కణాల్ని తీసేస్తే, కొన్ని వృద్ధాప్య లక్షణాలు ఆలస్యంగా వచ్చాయి. అది ఎలుకల్లో మాత్రమే, గుర్తుపెట్టుకోండి.

మరి టెలోమియర్ అరక్కుండా చేసేస్తే సరిపోతుంది కదా? ఆ పని చేసే ఎంజైమ్ మన దగ్గరే ఉంది, పేరు టెలోమరేజ్. ఈ పరిశోధనకే 2009లో నోబెల్ వచ్చింది. కానీ అసలు ట్విస్ట్ ఇక్కడే. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ నుంచి తీసిన కణాలు ఈ రోజుకీ ల్యాబుల్లో విడిపోతూనే ఉన్నాయి. వాటిలో టెలోమరేజ్ ఆన్‌లో ఉంటుంది. అవి ఏ కణాలో తెలుసా? క్యాన్సర్ కణాలు. ఆవిడ అదే ఏడాది, 31 ఏళ్లకే చనిపోయారు. అంటే ఆ 50 సార్ల లిమిట్ మనల్ని ముసలివాళ్లని చేస్తూనే, ఇంకోవైపు క్యాన్సర్ నుంచి కాపాడుతోంది.

పైగా టెలోమియర్ ఒక్కటే కారణం కాదు. ల్యాబ్ ఎలుకల టెలోమియర్లు మనకంటే పొడుగు, అయినా వాటి బతుకు మూడేళ్లే.

మన కంటి లెన్స్ తీసుకోండి. దాని మధ్య భాగంలో ఉన్న ప్రొటీన్ మనం పుట్టకముందే తయారైంది. జీవితాంతం దాన్ని మార్చరు. అందుకే లెన్స్ గట్టిపడి నలభైల్లో చత్వారం వస్తుంది. ఇంకా పాడైతే శుక్లాలు వస్తాయి. అసలు చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది!

తర్వాత షుగర్. ఇంట్లో ఎవరికైనా డయాబెటిస్ ఉంటే హెచ్‌బీఏ1సీ టెస్ట్ పేరు వినే ఉంటారు. రక్తంలో గ్లూకోజ్ వెళ్లి హిమోగ్లోబిన్‌కి అతుక్కుంటుంది. ఎంత అతుక్కుందో ఆ టెస్ట్ కొలుస్తుంది. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులే కాబట్టి పాతది పోయి కొత్తది వస్తుంది. కానీ చర్మంలో, రక్తనాళాల గోడల్లో ఉండే కొల్లాజెన్ ఏళ్ల తరబడి మారదు. దానికి అతుక్కున్న షుగర్ అలాగే పేరుకుపోయి, దాన్ని బిరుసుగా చేసేస్తుంది. ఇది అందరికీ జరుగుతుంది. షుగర్ ఎక్కువ ఉన్నవాళ్లకి స్పీడ్‌గా జరుగుతుంది.

ఇక ఎండ. 2012లో ఒక మెడికల్ జర్నల్‌లో ఒక ఫొటో వచ్చింది. అమెరికాలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన డ్రైవర్. ముఖంలో ఎడమ సగం ముడతలు పడి, కుడి సగం కంటే ఎంతో ముసలిగా ఉంది. ఎందుకంటే కిటికీ అటువైపు ఉంది, అద్దంలోంచి కూడా యూవీఏ కిరణాలు వస్తాయి. ఒకే మనిషి, ఒకే టైమ్, రెండు వయసులు! మన దగ్గర స్టీరింగ్ కుడివైపు కాబట్టి క్యాబ్ నడిపే అన్నలూ, కుడి చెంప జాగ్రత్త.

సరే, బాడీకి ఇంత రిపేర్ తెలిసినప్పుడు పూర్తిగా ఎందుకు చేయదు? మీ ఫోన్ కంపెనీ కొన్నేళ్ల తర్వాత అప్‌డేట్స్ ఆపేస్తుంది కదా. మీ మీద కోపంతో కాదు, కొత్త మోడల్ వచ్చేసింది కాబట్టి. పరిణామంలోనూ ఇంతే. పిల్లలు పుట్టి పెద్దయ్యే దాకా బాడీ నిలబడితే చాలు. ఆ తర్వాత రిపేర్‌కి శక్తి ఖర్చుపెట్టినా పరిణామానికి పెద్దగా లాభం లేదు. ఈ ఆలోచనకి మూలం 1950ల్లో పీటర్ మెడావర్, జార్జ్ విలియమ్స్ చెప్పిన మాటలే.

ఇప్పుడు క్యాప్సూల్ సంగతి. కారణాలు ఇన్ని ఉన్నప్పుడు ఒక్క మాత్రతో ఎలా ఆగుతుంది? మనుషుల్లో వయసును ఆపుతుందని రుజువైన మాత్ర ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. ఒక సప్లిమెంట్ కంపెనీ స్పాన్సర్‌షిప్ ఇస్తామని నాకూ మెయిల్ పెట్టింది, వద్దన్నాను. రోజూ సన్‌స్క్రీన్ రాస్తే చర్మం ముదరడం తగ్గుతుందని మాత్రం ఆస్ట్రేలియాలో 900 మందికి పైగా మీద నాలుగున్నరేళ్లు నడిచిన ట్రయల్ చూపించింది. సిగరెట్ మానడం, నడక, నిద్ర, బీపీ షుగర్ కంట్రోల్ కొత్త విషయాలేం కాదు. కానీ డ్యామేజ్ తగ్గించేవి ఇవే.

ఇరవై రెండేళ్ల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ రిపేర్ టీమ్ ఇప్పుడు ఫుల్ ఫామ్‌లో ఉంది. ఇంట్లో అమ్మానాన్నలది కాదు. ఆ క్యాప్సూల్ డబ్బుతో ఈ నెల వాళ్లకి హెచ్‌బీఏ1సీ, బీపీ చెక్ చేయించండి. రిపోర్ట్‌లో తేడా ఉంటే డాక్టర్‌కి చూపించండి.

చేయించాక కామెంట్‌లో "డన్" అని పెట్టండి, నేను చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై.