స్నాతకోత్సవ సభలో బంధువుల మర్యాద



గ్రంథాలయపు పండుగనాడు స్నాతకోత్సవముల ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. పల్లె గ్రంథాలయములలో బల్లల ముందు కూర్చుండి చదివినవారెందరో నేడు అమెరికాలో కాపురమున్నారు. వారి బిడ్డలు అచటి ఉన్నత పాఠశాలలలో చదువు ముగించునపుడు పట్టప్రదాన సభలు జరుగును. తాతలు, అమ్మమ్మలు విమానమెక్కి ఆ సభలకు పోవుచున్నారు. పోవుట యెట్లో అందరికి తెలిసినది. అచట కూర్చుండుట యెట్లన్నదే విచారింపదగినది.

స్నాతకుడనగా స్నానమాడినవాడు. గురుకులమున విద్య ముగిసిన పిదప, సమావర్తనమను సంస్కారమున స్నానము చేసి, గురువు అనుమతితో ఇంటికి మరలువాడు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి యందు అట్టి శిష్యునకు గురువు చేయు ఉపదేశము కలదు. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవములుగా నెంచవలెనని అందున్నది. నేటి సభలో తల్లిదండ్రులే అతిథులు. అతిథికి పూజయే కాదు, బాధ్యతయు కలదు.

అమెరికా సభలో, ఎల్గార్ అను ఆంగ్ల సంగీతజ్ఞుడు 1901లో కూర్చిన కవాతు బాణీ మ్రోగుచుండగా, విద్యార్థులు పొడవైన అంగీలతో, చదరపు టోపీలతో నడచి వత్తురు. పేరు పిలువగనే ఒక్కొక్కరు వేదిక నెక్కుదురు. 400 మంది యున్నచో, పేరునకు 8 సెకండ్ల చొప్పున 53 నిమిషములు పట్టును. ప్రతి పేరునకు కేకలకై మరి 7 సెకండ్లు ఆగినచో అది 100 నిమిషములగును. పేర్లన్నియు ముగియువరకు చప్పట్లు వలదని పెద్దలు కోరుటకు ఇది యొక కారణము. అంతకంటె పెద్ద కారణము వేరొకటి కలదు.

తెలుగువారి పేర్లు అచటివారి నోట సులభముగా తిరుగవు. అందుచే అనేక పాఠశాలలలో విద్యార్థి తన పేరు పలుకు తీరును చీటీపై వ్రాసి యిచ్చును. చదువువాడు దానిని అభ్యసించి, తడబడక పలుకును. ఆ క్షణముననే, అంతకుముందు వేదిక నెక్కిన పిల్లవాని బంధువులు లేచి నిలిచి బూరలూదినచో, ఆ పేరు గాలిలో కలిసిపోవును. అమెరికా తూర్పు తీరమున వేసవిలో ఉదయము 10 గంటలైనపుడు తెలుగునాట రాత్రి 7.30. ఊరిలో ఫోను ముందు చేరిన ముసలివారు చెవియొగ్గి యున్నది ఆ ఒక్క పలుకుకే. తెలుగువారు కేకలు వేసినపుడు వేరొక యింటి ముసలివారికిని ఇదే నష్టము.

వివాహమున ముహూర్తవేళ గట్టిమేళము మ్రోగించుట అశుభమైన మాట చెవిని పడకుండుటకని పెద్దలందురు. ఈ సభలో అట్లు కాదు. మాట వినబడుటకే అందరును వచ్చియున్నారు.

ఇట్లని కఠినశిక్షలను సమర్థింప వీలులేదు. 2007లో ఇల్లినాయి రాష్ట్రమందలి గేల్స్‌బర్గ్ పట్టణమున, బంధువులు కేకలు వేసిరని అయిదుగురు విద్యార్థుల పట్టపత్రములను పాఠశాలవారు నిలిపివేసిరి. నిబంధనకు లోబడుదుమని ముందే సంతకములు తీసికొనిరట! ఆ నియమము అందరియెడ సమముగా నడువలేదని కుటుంబములు ఆక్షేపించెను. తుదకు పత్రములు ఇయ్యబడెను. 2015లో మిసిసిపి రాష్ట్రమందలి సెనటోబియాలో కేకలు వేసిన బంధువులపై శాంతిభంగమని ఫిర్యాదు నడచి, పిదప ఉపసంహరింపబడెను. మేనమామ కేకకు మేనకోడలి పత్రమును ఆపుట ఏ ధర్మము? కొన్ని యిండ్లలో ఆ పట్టము తరతరములలో మొదటిది. అట్టివారి గొంతు లేచుట సహజము. వారికి బూరలు వద్దని చెప్పుటతో పాటు, పేర్లన్నియు ముగిసిన వెంటనే మనసార కేకలు వేయుటకు రెండు నిమిషములు కేటాయించుట పాఠశాలవారి పని.

కేకల కంటె మౌనముగా జరుగు తప్పొకటి కలదు. తమ బిడ్డ పేరు కాగానే లేచిపోవుట. పేర్లు ఆంగ్లాక్షరక్రమమున పిలుతురు గనుక, వేమూరివారి పిల్లకును యలమంచిలివారి పిల్లవానికిని తరచుగా ఖాళీ కుర్చీలే మిగులును. మూడు గంటలు కూర్చుండలేని వృద్ధులను తప్పుపట్టరాదు. కాని మధ్యాహ్నభోజనమునకు ఆలస్యమగునని లేచువారిని ఏమనవలెను?

సభ ముగిసిన పిదప బయటి పచ్చికపై ఎవరి సంతోషమునకును అడ్డు లేదు. అచట పిల్లకు పూలదండ వేసి, ఇంటినుండి తెచ్చిన బొబ్బట్ల డబ్బా తెరచి, ప్రక్కన నిలిచిన అపరిచిత కుటుంబమునకును తలకొకటి పెట్టిన తెలుగు తల్లులు కలరు.